జకార్తా నిజంగా మునిగిపోతోందా? రాజధాని మారుస్తున్నది అందుకేనా?

పెన్నాతీరం
అందరికీ నమస్కారం. మా కంపెనీ నన్ను జకార్తా ఆఫీసుకు పంపుతోంది, జనవరిలో చేరాలి. కుటుంబంతో వెళ్దామనుకుంటుంటే మా మామయ్య గారు అడ్డుపడుతున్నారు. "సముద్రం పెరిగి ఆ ఊరు మునిగిపోతోందట, అందుకే రాజధానినే ఎత్తేస్తున్నారట, అలాంటి చోటికి పిల్లల్ని తీసుకెళ్తావా" అంటున్నారు. అక్కడ ఉంటున్నవాళ్ళు, తెలిసినవాళ్ళు అసలు సంగతి చెప్పండి. ఊరు ఎంత పెద్దది, నీళ్ళ సంగతేంటి, తిరగడం ఎలా, వానల్లో ఎలా ఉంటుంది, ఏది తెలిసినా రాయండి.

సుంతెర్_అక్క
తమ్ముడూ, నేను ఉండేది ఉత్తర జకార్తాలోనే. మీ మామయ్య గారి భయంలో కొంత నిజం ఉంది, కొంత లేదు.

ముందు ఊరి సైజు చెప్తాను. పేరుకు నగరం అంటాం గానీ పరిపాలన లెక్కలో జకార్తా ఒక రాష్ట్రం. ఐదు నగరాలు, ఒక దీవుల జిల్లా కలిపి ఒక గవర్నర్ కింద ఉంటాయి. ఆ ఐదు నగరాల మేయర్లకు ఎన్నికలు ఉండవు, గవర్నరే నియమిస్తారు. విస్తీర్ణం 660 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. 2020 జనగణనలో జనాభా కోటీ 5 లక్షల పైన తేలింది. కానీ చుట్టూ ఉన్న బోగోర్, డెపోక్, తంగెరాంగ్, బెకాసి విడిగా ఏమీ కనిపించవు, ఊరు ఎక్కడ అయిపోయిందో తెలీదు. ఇలా అల్లుకుపోయిన జనాన్నంతా లెక్కేసి ఐక్యరాజ్యసమితి 2025లో ఇచ్చిన నివేదికలో జకార్తా సుమారు 4 కోట్ల 20 లక్షలతో ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉంది. ఢాకా రెండు, టోక్యో మూడు.

మునగడం గురించి డెల్టా గారు చెప్తే బాగుంటుంది. ఆయన ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు.

డెల్టా_ఇంజినీరు
పిలిచినందుకు సంతోషం అమ్మా.

పెన్నాతీరం గారూ, ఇందులో రెండు విషయాలు కలిసిపోయి ప్రచారమవుతున్నాయి. సముద్రమట్టం పెరగడం నిజం, కానీ అది ఏడాదికి మిల్లీమీటర్ల లెక్క. జకార్తా నేల దిగుతున్నది సెంటీమీటర్ల లెక్క. ఉత్తర జకార్తాలో బాగా దెబ్బతిన్న చోట్ల ఒకప్పుడు ఏడాదికి 20 సెంటీమీటర్లు దాటి కుంగింది. 1970ల నుంచి లెక్కేస్తే కొన్నిచోట్ల మొత్తం 4 మీటర్ల దాకా దిగిపోయింది. నగరంలో సుమారు 40 శాతం నేల ఇప్పుడు సముద్రమట్టం కంటే పల్లంలో ఉంది. చాలాచోట్ల ఈ మధ్య వేగం తగ్గింది, ఆగలేదు.

కారణం ప్రధానంగా బోర్లు. ఆ ఊరు 13 నదులు తెచ్చి పోసిన ఒండ్రు మీద ఉంది. కింద ఇసుక పొర, బంకమట్టి పొర, మళ్ళీ ఇసుక, మళ్ళీ బంకమట్టి. హోటళ్ళు, ఫ్యాక్టరీలు, అపార్ట్‌మెంట్లు లోతు ఇసుక పొరల్లోంచి నీళ్ళు తోడేస్తే అక్కడ ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు పక్కనున్న బంకమట్టిలోని నీరు ఇసుకలోకి జారుతుంది. నీరు పోయిన బంకమట్టి పైబరువుకు పాత దూదిపరుపులా అణిగిపోతుంది. మళ్ళీ వానలు పడి బోర్లు నిండినా, అణిగిన మట్టి తిరిగి పైకి లేవదు. దీనికి పైన కట్టిన భవనాల బరువు తోడు. లేత ఒండ్రు తనంతట తాను అణగడం కూడా కొంత ఉంటుంది.

ఆశ వదులుకోవాల్సిన పని మాత్రం లేదు. టోక్యో తూర్పు భాగం కూడా ఇలాగే 4 మీటర్ల పైన కుంగింది. భూగర్భజలాలు తోడటాన్ని చట్టంతో కట్టడి చేశాక, 1970ల తర్వాత అక్కడ దాదాపు నిలిచిపోయింది. చేయాలనుకుంటే చేయగలిగే పనే ఇది.

బొల్లారం_గల్లీ
సార్, నాకొక డౌటు. మా దిక్కు బోర్లు వెయ్యి ఫీట్లు పోతున్నయి, అయినా నీళ్ళు పడ్తలెవ్వు. మరి హైదరాబాద్ ఎందుకు కుంగుతలేదు?

డెల్టా_ఇంజినీరు
మీ ఊరు నల్లరాయి, గ్రానైటు మీద కూర్చుంది. అక్కడ నీరు రాతి పగుళ్ళలో ఉంటుంది. నీరు తోడేస్తే పగులు ఖాళీ అవుతుందే తప్ప రాయి అణగదు. అందుకే మీకు బోరు ఎండిపోవడం ఒక్కటే కష్టం. వాళ్ళకు బోరులో నీరు ఉండగానే కాళ్ళ కింద నేల పోతోంది. జాగ్రత్త పడాల్సింది మా డెల్టావాళ్ళం.

సుంతెర్_అక్క
ఇక్కడ ఉన్నవాళ్ళు బోర్లు ఎందుకు వేశారో కూడా చెప్పాలి, లేకపోతే జనానిదే తప్పన్నట్టు అవుతుంది. కుళాయి నీరు ఊరందరికీ ఎప్పుడూ అందలేదు. 1998లో నీటి సరఫరాను రెండు ప్రైవేటు కంపెనీలకు 25 ఏళ్ళకు అప్పజెప్పారు. ఆ గడువు 2023 మొదట్లో ముగిసేనాటికి కూడా మూడింట ఒక వంతు జనానికి పైపు నీరు లేదు. ఇప్పుడు ప్రభుత్వ సంస్థే మళ్ళీ చేతుల్లోకి తీసుకుని, 2030 నాటికి అందరికీ ఇస్తామంటోంది. పైపులైను ఉన్న చాలా ప్రాంతాల్లో పెద్ద భవనాలు బోర్ల నీళ్ళు తోడకూడదని 2023 ఆగస్టు నుంచి నిషేధం పెట్టారు.

మువారా బారు అని చేపల రేవు పేట ఉంది. అక్కడ ఒక చోట నిలబడితే మొత్తం అర్థమవుతుంది. ఒక పక్క సముద్రపు గోడ. దాని మెట్లెక్కి అవతలికి చూస్తే పడవలు తేలే నీళ్ళు, ఇవతలి వీధి కంటే ఎత్తులో ఉంటాయి. గోడకు అవతలే వల్ అధునా అనే మసీదు నీళ్ళలో నిలబడి ఉంది. నమాజు ఆగిపోయి చాలా ఏళ్ళయింది, కిటికీల సగం దాకా నీటి మరక. ఇవతలి వీధిలో తోపుడుబండి మీద నీళ్ళ డబ్బాలు రెండు వరుసలుగా పేర్చుకుని ఒక మనిషి ఇంటింటికీ తోస్తూ ఉంటాడు. ఆ బండి నీళ్ళకు అక్కడి పేదలు పెట్టే ఖర్చు, కుళాయి ఉన్న పెద్దవాళ్ళు కట్టే బిల్లు కంటే ఎక్కువ. చుట్టూ నీళ్ళే, తాగే నీళ్ళు మాత్రం కొనుక్కోవాలి. దీన్ని చూసి కడుపు తరుక్కుపోతుంది నాకు.

శాసనప్రియ
నీళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. జకార్తా ప్రాంతం గురించి దొరికిన అతి పాత రాతల్లో ఒకటి కాలువ తవ్వకం గురించే!

ఉత్తర జకార్తాలో తుగు అనే ఊళ్ళో కోడిగుడ్డు ఆకారంలో ఉన్న రాయి మీద చెక్కిన శాసనం దొరికింది. ఐదో శతాబ్దానిది. సంస్కృత శ్లోకాలు, పల్లవ లిపి. తారుమానగర రాజు పూర్ణవర్మ వేయించాడు. చంద్రభాగ అనే కాలువ గురించి, ఆ తర్వాత తన పాలన 22వ ఏట గోమతి అనే కాలువ తవ్వించడం గురించి అందులో ఉంది. గోమతి పొడవు 6,122 ధనుస్సులు. పని ఫాల్గుణ కృష్ణ అష్టమి నాడు మొదలై చైత్ర శుక్ల త్రయోదశి నాడు, 21 రోజుల్లో ముగిసిందని, బ్రాహ్మణులకు వెయ్యి గోవులు దక్షిణగా ఇచ్చారని కూడా చెక్కారు. వరద నీటిని సముద్రంలోకి మళ్ళించడానికో, సాగు కోసమో తవ్వి ఉంటారని పండితులు అంటారు.

ఆ రాయి ఇప్పుడు జకార్తా జాతీయ మ్యూజియం సొత్తు. మన తెలుగు లిపి, ఆ పల్లవ లిపి రెండూ దక్షిణాది బ్రాహ్మి కొమ్మలే. ఇంత దూరాన అలాంటి అక్షరాలు ఉన్నాయంటే గుండె పొంగదా చెప్పండి.

ఇంద్రకీలాద్రి
శాసనప్రియ గారూ, తిథులు లెక్కపెట్టి చూశాను. బహుళ అష్టమి నుంచి అమావాస్య దాకా 8, పాడ్యమి నుంచి త్రయోదశి దాకా 13, మొత్తం సరిగ్గా 21. అంటే అమావాస్యతో నెల ముగిసే మన అమాంత పద్ధతిలో లెక్కేస్తేనే కుదురుతుంది. పున్నమితో నెల ముగిసే ఉత్తరాది పూర్ణిమాంతంలో అయితే ఫాల్గుణ బహుళ అష్టమికీ చైత్ర శుద్ధ త్రయోదశికీ మధ్య ఇంకో నెల అదనంగా వస్తుంది. మన లెక్కలో అయితే కాలువ తవ్వుతుండగా ఉగాది కూడా వచ్చి వెళ్ళింది!

శాసనప్రియ
చాలా బాగా పట్టుకున్నారు. ఈ ఒక్క పోస్టుకు ఈ చర్చంతా సార్థకమైంది.

డెల్టా_ఇంజినీరు
ఇరవై ఒక్క రోజుల్లో 6,122 ధనుస్సులు. ధనుస్సు అంటే నాలుగు మూరలు కదా, సుమారు ఆరడుగులు అనుకున్నా 11 కిలోమీటర్లు. పారలతో, గంపలతో. ఎంతమంది మట్టి మోశారో రాయి చెప్పలేదు. అంతా కొత్తగా తవ్వారా, పాత పాయను సరిచేశారా అన్నది చూడాలి. పాత పాయే అయి ఉంటుందని నా అంచనా.

పెన్నాతీరం
ఇవన్నీ నేను ఎక్కడా చదవలేదు. మధ్యలో అడ్డొస్తున్నాను, రాజధాని మార్పు సంగతి కూడా చెప్పండి. నేను వెళ్ళేసరికి ఆఫీసులన్నీ వెళ్ళిపోతాయా?

సుంతెర్_అక్క
లేదు. 2019 ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో ప్రకటించారు, 2022లో చట్టం వచ్చింది. కొత్త రాజధాని పేరు నుసంతారా, బోర్నియో దీవిలో తూర్పు కాలిమంతాన్‌లో కడుతున్నారు. 2024 ఆగస్టు 17 స్వాతంత్ర్య దినోత్సవం అక్కడ చేశారు. 2028 నాటికి రాజకీయ రాజధానిగా చేస్తామని ఇప్పటి అధ్యక్షుడు ప్రబోవో ప్రభుత్వం అంటోంది. ప్రస్తుతానికి మంత్రిత్వ శాఖలు, రాయబార కార్యాలయాలు, వ్యాపారమంతా ఇక్కడే నడుస్తోంది. రాజధాని పోయినా వ్యాపారం జకార్తాలోనే ఉంటుంది.

కుంగడం ఒక కారణమే గానీ అదొక్కటే కాదు. దేశంలో సగానికి పైగా జనం ఒక్క జావా దీవిలోనే ఉన్నారు, డబ్బూ ఇక్కడే పోగుపడింది. రాజధానిని కాలిమంతాన్‌కు తీసుకెళ్ళాలన్న ఆలోచన తొలి అధ్యక్షుడు సుకర్ణో కాలం నుంచే ఉంది. 1950ల్లో ఆయన అక్కడి పలంకరాయ ఊరి మీద మనసుపడ్డారు.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. ఆఫీసులు వెళ్ళిపోవచ్చు, మువారా బారులో బండి తోసే మనిషి ఎక్కడికి వెళ్తాడు? రాజధాని మారినా ఆయనకు కుళాయి ఇక్కడే కావాలి.

బందరు_కలంకారి
ఈ ఊరికీ మన తీరానికీ ఉన్న పాత లెక్క కూడా రాయాలి. సుందా కెలాపా అనేది హిందూ సుందా రాజ్యపు రేవు. 1527లో ముస్లిం సేనాని ఫతహిల్లా గెలిచి జయకర్త అని పేరు పెట్టాడు. అందుకే జూన్ 22న ఊరి పుట్టినరోజు చేస్తారు. 1619లో డచ్చి ఈస్టిండియా కంపెనీ అధికారి యాన్ పీటర్సోన్ కూన్ ఆ ఊరిని తగలబెట్టి, దాని మీద బటావియా కట్టాడు. ఆమ్‌స్టర్‌డామ్ లాగా కాలువలు తవ్వారు. ఉష్ణదేశంలో నీరు నిలిచి, పూడిక పేరుకుని, 18వ శతాబ్దంలో మలేరియాతో జనం రాలిపోయారు. చివరికి 1808 తర్వాత గవర్నర్ డాండెల్స్ కాలంలో పాలన కేంద్రాన్ని దక్షిణాన మెరక నేలకు జరిపారు. అంటే ఈ ఊళ్ళో రాజధాని జరగడం కొత్తేమీ కాదు. మధ్యలో 1740లో చైనీయుల ఊచకోత జరిగింది, సుమారు పదివేల మందిని చంపేశారు. ఆ మచ్చ గురించి చెప్పకుండా బటావియా అందం గురించి రాయడం నాకు ఇష్టం ఉండదు.

ఇక మన సంగతి. డచ్చివాళ్ళు మసాలా దినుసులు కొనాలంటే అక్కడి దీవులవాళ్ళు వెండి కంటే బట్ట అడిగేవాళ్ళు. ఆ బట్ట కోరమండల్ తీరానిది. మచిలీపట్నంలో, పాలకొల్లులో, తర్వాత భీమునిపట్నంలో వాళ్ళ గిడ్డంగులు వెలిసింది అందుకే. మన అద్దకాలు, నేతలు ఓడల్లో బటావియా చేరి, అక్కడి నుంచి జాజికాయ, లవంగాల దీవులకు పోయేవి.

బట్టలే కాదు, మనుషులూ వెళ్ళారు. కోరమండల్ నుంచి, బెంగాల్ నుంచి, మలబారు నుంచి బానిసలుగా తీసుకెళ్ళిన వాళ్ళు బటావియాలో ఉండేవారు. విడుదలై, క్రైస్తవం తీసుకుని, పోర్చుగీసు యాస మాట్లాడిన వాళ్ళను మర్డైకర్లు అన్నారు. వాళ్ళలో కొందరికి నేల ఇచ్చిన చోటు ఏదనుకున్నారు? శాసనప్రియ గారు చెప్పిన ఆ తుగు ఊరే. వాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది, చిన్న గిటార్లతో వాయించే వాళ్ళ క్రొంచోంగ్ సంగీతానికి పేరుంది, పాత చర్చి ఉంది. బందరు మ్యూజియంలో బట్టలు చూసి మురిసిపోయేటప్పుడు ఆ మనుషులను కూడా తలుచుకోవాలని నా కోరిక.

శాసనప్రియ
తుగు చర్చి సంగతి నా పోస్టులో రాయాల్సింది, మీరు రాశారు. ధన్యవాదాలు.

బొల్లారం_గల్లీ
జకార్తా అంటే మా హైదరాబాదోళ్ళకు 1962 యాదికి రావాలె. ఆసియా క్రీడలు. సెనాయాన్ స్టేడియం, సోవియట్ సాయంతోని కట్టిండ్రు, ఇప్పుడు గెలోరా బుంగ్ కర్నో అంటరు. సెప్టెంబర్ 4 నాడు ఫుట్‌బాల్ ఫైనల్, ఇండియా, దక్షిణ కొరియా. అదే కొరియా లీగ్ మ్యాచ్‌ల మనను 2-0 ఓడగొట్టింది.

ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానియ్యలేదని ఒక భారత ప్రతినిధి అడిగినందుకు ఊర్ల జనం మన మీద మస్తు కోపంగ ఉండ్రి. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. స్టేడియం నిండ లక్షమంది దాక మనకు వ్యతిరేకంగ అరుస్తుండ్రట. గా లొల్లిల పీకే బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టిండ్రు. జర్నైల్‌కు తలకు కుట్లు పడ్డయి, డిఫెండర్‌గ ఆడాల్సినోన్ని సెమీస్ నుంచి ముందటికి పంపిండు కోచ్. 2-1తోని గోల్డ్ మెడల్.

గా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్. స్కూల్ సార్. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఇక్కడోడే, యూసుఫ్ ఖాన్ మా సిటీ పోలీస్ టీమోడు, సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం గా టోర్నీల గోల్స్ కొట్టిండు. రహీం సార్ తర్వాతి ఏడాదే క్యాన్సర్‌తోని పోయిండు. అప్పటి నుంచి ఇప్పటిదాక ఆసియా క్రీడల్ల మనకు ఫుట్‌బాల్ గోల్డ్ రాలేదు. పెన్నాతీరం భాయ్, పోయినంక ఆ స్టేడియం బయటనన్న నిలబడి ఒక ఫోటో పెట్టు. మా అందరి దిక్కెల్లి.

పెన్నాతీరం
తప్పకుండా పెడతాను అన్నా. తిరగడం గురించి ఎవరైనా చెప్తారా?

సుంతెర్_అక్క
ట్రాఫిక్ భయంకరం, దాచడానికి లేదు. కానీ ఇల్లు చూసుకునేటప్పుడు స్టేషన్ దగ్గర చూసుకుంటే బతికిపోతారు.

ట్రాన్స్‌జకార్తా బస్సులు 2004లో మొదలయ్యాయి. రోడ్డు మధ్యలో వాటికే ప్రత్యేక దారి, ఎత్తు ప్లాట్‌ఫాం. ఇలాంటి బస్సు మార్గాల్లో ప్రపంచంలోనే అతి పొడవైన వ్యవస్థ, 250 కిలోమీటర్ల పైన. టికెట్ 2005 నుంచి ఏళ్ళ తరబడి 3,500 రూపాయలే ఉంచారు. కంగారు పడకండి, అక్కడి రూపాయలు, మన లెక్కలో ఇరవై లోపే. మెట్రో 2019 మార్చిలో వచ్చింది, జపాన్ సాయంతో. లెబాక్ బులుస్ నుంచి హోటల్ ఇండోనేషియా కూడలి దాకా 13 స్టేషన్లు, ఉత్తరానికి పొడిగిస్తున్నారు. శివారు రైళ్ళలో చాలావరకు టోక్యోలో వాడినవే కొనుక్కొచ్చారు.

ఆటోని ఇక్కడ బజాజ్ అనే పిలుస్తారు, 1970ల్లో మన దేశం నుంచి వచ్చిన బండ్లే. ఏ కంపెనీదైనా బజాజే. నారింజ రంగువి పోయాయి, ఇప్పుడు నీలంవి, గ్యాసువి. ఇక్కడ దిగిన కొత్తలో దిగులుగా ఉన్నప్పుడు ఆ బండి చూస్తే మన ఊరి సందులో ఉన్నట్టే అనిపించేది నాకు.

ఒకప్పుడు పెద్ద రోడ్లలో రద్దీవేళ కారులో ముగ్గురు ఉండాలన్న రూలు ఉండేది. దాంతో రోడ్డు పక్కన మనుషులు నిలబడి, కాస్త డబ్బుకు కారెక్కి తల లెక్కకు కూర్చునేవాళ్ళు. జోకీలు అనేవాళ్ళు. చంటిపిల్లను ఎత్తుకున్న ఆడవాళ్ళు కూడా ఉండేవాళ్ళు, ఒకరి డబ్బుకు ఇద్దరు లెక్క అని. 2016లో ఆ రూలు ఎత్తేసి సరి బేసి నంబర్ల పద్ధతి పెట్టారు.

ఇంద్రకీలాద్రి
అక్కా, పిల్లలకు చూపించడానికి?

సుంతెర్_అక్క
మొనాస్ ముందు. 132 మీటర్ల స్వాతంత్ర్య స్తంభం, పైన బంగారు రేకు తొడిగిన జ్వాల. దాని దగ్గర్లోనే పెద్ద కూడలిలో అర్జునుడి రథం ఉంది, కృష్ణుడు తోలుతుంటే గుర్రాలన్నీ ముందుకు దూకుతున్నట్టు. 1987లో బాలి శిల్పి న్యోమన్ నువార్త చేశాడు. తొంభై శాతం దాకా ముస్లింలున్న దేశపు రాజధాని నడిబొడ్డున అది గర్వంగా నిలబడి ఉంటుంది. ఇక్కడివాళ్ళకు భారతం పరాయిది కాదు, వాళ్ళ తోలుబొమ్మలాటల్లో పుట్టి పెరిగిన కథ.

ఇస్తిక్లాల్ మసీదు తప్పక చూడండి. ఆగ్నేయాసియాలోనే అతి పెద్దది. దాని నమూనా గీసిన ఫ్రెడరిక్ సిలబాన్ క్రైస్తవుడు. గుమ్మటం వ్యాసం 45 మీటర్లు, 1945 స్వాతంత్ర్యానికి గుర్తు. ఎదురుగానే కెథెడ్రల్. రెండింటి మధ్య రోడ్డు కింద స్నేహ సొరంగం తవ్వారు, 2024 సెప్టెంబర్‌లో పోప్ ఫ్రాన్సిస్ వచ్చి చూశారు. పెద్ద పండుగలకు ఒకరి ఆవరణలో ఇంకొకరు బండ్లు పెట్టుకుంటారు.

శాకాహారులైతే వేరుశెనగ పచ్చడి కలిపిన కూరగాయల గాడో గాడో, అదే పచ్చడితో టోఫూ వేసిన కెతోప్రాక్, సోయా గింజలతో చేసే టెంపే దొరుకుతాయి. వేరుశెనగ పచ్చడిలో రొయ్యల ముద్ద కలుపుతారు కొన్నిచోట్ల, ముందే అడగండి.

డెల్టా_ఇంజినీరు
వరదల గురించి చెప్పి ముగిస్తాను. జనవరి, ఫిబ్రవరి నెలలు గట్టి వానలు. 2007, 2013, 2020 పెద్ద వరదలు. 2020 జనవరి 1న హలీం విమానాశ్రయం దగ్గర ఒక్కరోజులో 377 మిల్లీమీటర్లు పడింది, అరవై మందికి పైగా చనిపోయారు. వాన ఊళ్ళోనే పడక్కర్లేదు. చిలివుంగ్ నది బోగోర్ పైన కొండల్లో పుడుతుంది, అక్కడ కురిస్తే కొన్ని గంటల తర్వాత ఇక్కడికి వస్తుంది. బోగోర్‌లో కటులంపా ఆనకట్ట దగ్గర కొలబద్ద ఉంది. అక్కడ మట్టం 200 సెంటీమీటర్లు దాటితే ఒకటో నంబరు హెచ్చరిక, అంటే అన్నిటికంటే పెద్ద ప్రమాద హెచ్చరిక. నది ఒడ్డువాళ్ళకు సర్దుకోవడానికి దొరికే సమయం ఆ నీరు జకార్తాలోని మంగరాయి లాకులకు చేరేలోపే. ఉత్తరాన పల్లపు నేల నుంచి నీరు తనంతట తాను సముద్రంలోకి పోదు, ప్లుయిత్ చెరువు దగ్గర పంపులతో ఎత్తిపోస్తారు. పంపు ఆగితే పేట మునుగుతుంది.

అందుకని ఇల్లు తీసుకునేముందు ఆ వీధిలో కిరాణా కొట్టువాడిని అడగండి, 2020లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. బ్రోకరు మాట మీద ఆధారపడకండి.

సుంతెర్_అక్క
బాగా చెప్పారు. తమ్ముడూ, ఆఫీసు సుదీర్మాన్ రోడ్డు వైపైతే దక్షిణ జకార్తాలో మెట్రో దగ్గర ఇల్లు చూడండి, అక్కడ కుంగడం చాలా తక్కువ. చిలివుంగ్, క్రుకుత్ వాగుల ఒడ్డున మాత్రం వద్దు. కుళాయి నీరు కాచినా తాగం మేము, పెద్ద క్యాన్లు ఇంటికి తెస్తారు. మీ మామయ్య గారితో మాట్లాడాలంటే నాకు మెసేజ్ పెట్టండి, ఇక్కడ ఇండియా కంటే గంటన్నర ముందు, ఆయనకు సాయంత్రం వీలైన వేళ చెప్పండి.

పెన్నాతీరం
చాలా థ్యాంక్స్ అక్కా. ఆఫీసు కునింగన్ దగ్గర అన్నారు. అక్కడికి ఏ లైను?

సుంతెర్_అక్క
కునింగన్‌కు ఎల్ఆర్‌టీ అనే లైట్ రైలు ఉంది, 2023లో తెరిచారు. డుకు అటాస్ స్టేషన్ దగ్గర మెట్రో నుంచి దానికి మారొచ్చు. బ్లాక్ ఎం, చిపెతె వైపు ఇళ్ళు చూడండి.